జగురు

మేడ మీది గది,
ఆదివారం

తమ్ముడికి,

ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ మూడో మాటకే పడదు కాబట్టి ఉత్తరాలే మేలన్నావు. నిజమే. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

నీ మోకాళ్ళ సంగతి చదివాను. నువ్వు సూపర్‌వైజరుగా చేసే గోడౌను మూసేస్తున్నారనీ, దాంతోపాటు నీ గదీ పోతుందనీ రాశావు. దానికి అంత నసుగుడు ఎందుకు? నా దగ్గర రెండో గది ఖాళీగానే ఉంది. రెక్సిన్ చుట్టలు ఓ పక్కకి నెడితే మంచం పడుతుంది. వచ్చి ఉండు. అక్క ఇంటికి రావడానికి అర్జీ పెట్టుకునేవాణ్ణి నిన్నే చూశాను.

ఇక అసలు సంగతి. నేనొక కుక్కని తెచ్చుకున్నాను. నవ్వకు. దిక్కులేని కుక్కల్ని చేరదీసేవాళ్ళు తమ వ్యాను సీట్లు చిరిగిపోయాయని నా సీటు కవర్ల షాపుకి వచ్చారు. కొలతలు తీసుకుందామని వెనక తలుపు తీస్తే అందులో ఒక ముసలి కుక్క. ఊరూరా తిప్పి చూపిస్తున్నారట, అందరూ వద్దంటున్నారట. నేను సీటు కొలుస్తున్నంతసేపూ నా చేతులనే చూసింది. సీట్లు కుట్టి ఇచ్చాను, కుక్కని దింపుకున్నాను.

దానికి వెనక కాళ్ళు పేరుకే ఉన్నాయి. తొడ పట్టుకుంటే చర్మం కింద ఎముకే చేతికి తగులుతుంది. డాక్టరమ్మ తుంటీ మోకాళ్ళూ వంచి చూసి కీళ్ళవాతం బాగా ముదిరిందంది. నొప్పని కదలదు. కదలదు గనక కండ కరుగుతుంది. కండ కరిగేకొద్దీ బరువంతా కీలు మీద పడి నొప్పి పెరుగుతుంది. తప్పు వయసుదొక్కటే కాదట. ఒళ్ళు తిప్పుకోవడానికి వీల్లేనంత పొట్టి గొలుసుతో, గచ్చు మీద, ఏళ్ళ తరబడి కట్టి ఉంచారట. మెడ చుట్టూ వెంట్రుకలు లేవు. అక్కడి చర్మం నా బొటనవేలిలాగే కాయ కాసి ఉంది.

విన్నప్పటి నుంచీ కడుపు మండిపోతోంది. ఆ పని చేసినవాడు నాకు కావాలి. మీ గోడౌన్ల వెనక ఆ వ్యాను వాళ్ళకో షెడ్డు ఉందట కదా, ఒక పొద్దున చూసేసరికి దాని గేటుకి ఎవరో ఈ కుక్కని కట్టేసి పోయారట. నువ్వు ఉండేది ఆ పక్కనే. కనుక్కో. మనిషెవరో చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

అక్క


గోడౌను గుమ్మం పక్క గది,
బుధవారం

అక్కకి,

గది ఇస్తానన్నావు, సంతోషం. నెలాఖరులోగా తాళాలు అప్పగించమన్నారు. మెట్లు ఎక్కగలనో లేదో అన్నదే భయం. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వస్తోంది.

కుక్క గురించి నా మాట విను. ముసలిది, కుంటిది, నీకెందుకు? వెనక్కి ఇచ్చెయ్. నీకు పనే తీరదు, ఇంక దానికి సేవలెక్కడ చేస్తావు? పైగా నాకు కుక్క వెంట్రుకలు పడవు.

ఎవడో కావాలని చేశాడని నువ్వెందుకు అనుకుంటున్నావు? యజమాని చెబితే చేసిన జీతగాడై ఉండవచ్చు. గేటు దగ్గర కట్టాడంటే వాడికీ ఏదో కాస్త జాలి ఉన్నట్టే. రోడ్డు మీద వదిలేయలేదు కదా. ఇలాంటివి తవ్వుకుంటూ పోతే తేలేదేమీ ఉండదు.

తమ్ముడు


మేడ మీది గది,
సోమవారం

ఒరేయ్,

వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావేమిటి? జాలి ఉన్నవాడు ముందు గొలుసు విప్పుతాడు.

దానికి దొర అని పేరు పెట్టాను. లేపడానికొకరు, పట్టుకోవడానికొకరు కావాలి కాబట్టి ఆ పేరే సరిపోయింది. గదంతా రబ్బరు అడుగున్న గుడ్డ పరిచాను. నున్నటి నేల మీద వెనక కాళ్ళు చెరో వైపుకీ జారిపోయి, బొక్కబోర్లా పడి, సిగ్గుపడ్డట్టు నా వైపు చూసేది. ఇప్పుడు జారడం లేదు. సీటు బెల్టు పట్టీతో, మెత్తటి ఫోముతో పొట్ట కింద పట్టుకునే జోలె కుట్టాను. మెట్లు దిగేటప్పుడు వెనక బరువు నేను మోస్తాను, ముందు దారి అది చూస్తుంది. పొద్దున వేడి నీళ్ళలో పిండిన గుడ్డతో తుంటికి కాపడం, తిండి తిన్నాక నొప్పి మాత్ర, ఆ తర్వాత వ్యాయామం. కూర్చోబెట్టాలి, లేపాలి. మళ్ళీ కూర్చోబెట్టాలి, మళ్ళీ లేపాలి. తొడకి బలం దాంతోనే వస్తుందట. బరువు పెరిగితే కీళ్ళు ఓర్చవని తిండి కొలిచి పెడుతున్నాను. గిన్నె ఎత్తులో పెట్టాను.

మాట మాత్రం ఒక్కటీ వినదు. రా అంటే రాదు, కూర్చో అంటే చూస్తుంది. దానితో ఇన్నేళ్ళూ ఎవరూ మాట్లాడలేదేమో.

కాపడం పెడుతున్నంతసేపూ నేను చేసే పని ఒకటే. వాడు దొరికితే ఏం చెయ్యాలా అని ఆలోచిస్తాను. కొట్టను. నాకు వచ్చిన పనే చేస్తాను. వాడి ఒంటికి కొలత తీసి, మూడు వైపులా ఒరుసుకునేలా ఒక సీటు కుడతాను. కూర్చోగలడు, తిరగలేడు. అందులో బిగించి, ఎదురుగా నేను తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. లేస్తానంటే అప్పుడే కాదంటాను. తొడలు కరిగి చిలక్కొయ్యల్లా అయ్యాక బెల్టు విప్పి, నడువు నాయనా అంటాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి.

కనుక్కున్నావా?

అక్క


గోడౌను గుమ్మం పక్క గది,
శుక్రవారం

అక్కకి,

కనుక్కున్నాను. ఎవరికీ తెలియదు. ఇక్కడ ఏ సందు చూసినా గోడౌన్లే, ఏ గోడౌను చూసినా కుక్కలే. మా దాంట్లో మాత్రం ఎప్పుడూ కుక్క లేదు. ఇనుప తలుపులున్న చోట కుక్కతో పనేముంది?

నన్ను చూసిన డాక్టరు కూడా తొడల్లో బలం పోయిందనే అన్నాడు. రోజూ కూర్చుని లేవాలట. నీ కుక్కా నేనూ ఒకే బడిలో చేరినట్టున్నాం. నవ్వుకో.

వచ్చే వారం బయల్దేరదామనుకుంటున్నాను. నువ్వు ఆ శాపాలు కాస్త తగ్గించు, చదవడానికి బాగుండడం లేదు.

తమ్ముడు


మేడ మీది గది,
మంగళవారం

గోడౌను సూపర్‌వైజరు గారికి,

తమరికి ఒక చిన్న సంగతి విన్నవించుకుంటున్నాను.

మా ఇంట్లో ఒకప్పుడు ఒక పిల్లవాడు ఉండేవాడు. వాడికి జరుగు అనడం వచ్చేది కాదు. మంచం మీద నన్ను తోసేస్తూ జగురు, జగురు అనేవాడు. మా అమ్మ నవ్వీ నవ్వీ తనూ అదే మాట పట్టుకుంది. నాన్న భోజనానికి కూర్చుంటూ జగురమ్మా అనేవాడు. ఊళ్ళో ఇంకెవరికీ అర్థం కాని మాట. అమ్మా నాన్నా పోయాక లోకంలో ఆ మాట తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఒకదాన్ని నేను.

నిన్న బస్సు వెనక సీటుకి పెద్ద రెక్సిన్ ముక్క నేల మీద పరుస్తున్నాను. దొర మధ్యలో పడుకుంది. జరుగు అన్నాను, జరుగమ్మా అన్నాను, బతిమాలాను. చెవి కూడా కదపలేదు. పని తొందరలో విసుగొచ్చి, నోటి అలవాటు కొద్దీ, కాస్త జగురు అన్నాను.

అది లేచింది. జోలె లేకుండా, నా చెయ్యి లేకుండా లేచింది. ముందు కాళ్ళతో ఒళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, డొక్క గోడకి ఆనించి, మూతి గోడ వైపు తిప్పుకుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. తొడలు వణుకుతున్నాయి. పడుకోబెట్టబోతే పడుకోదు. నేను అటూ ఇటూ నడిచేదాకా, అంటే ఏదో పెద్దది దాన్ని దాటుకుని వెళ్ళిపోయిందని నమ్మేదాకా, అలాగే నిలబడి ఉంది. ఆ తర్వాత కుప్పకూలింది.

తమరి ఉత్తరాలు తీసి మళ్ళీ చదువుకున్నాను. జీతగాడై ఉండవచ్చు. ఏదో కాస్త జాలి. మా దాంట్లో ఎప్పుడూ కుక్క లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎంత శుభ్రంగా తడుముకున్నారండీ. నేనే ఒట్టి పిచ్చిదాన్ని, దొంగ చేతికే తాళం ఇచ్చి కాపలా పెట్టాను.

ఆ రెండో గది ఇప్పుడు దొరది. తమరికి కుక్క వెంట్రుకలు పడవు కదా.

సీటు కవర్లు కుట్టే ఆవిడ


గోడౌను గుమ్మం పక్క గది,
అదే వారం

అక్కా,

అండీ అని రాశావు చూడు, దానికంటే చెప్పు విసిరినా బాగుండేది.

అవును, అది మా గోడౌనులోదే. తెచ్చింది నేను కాదు, మా యజమాని. గోడకీ సరుకు దొంతరలకీ మధ్య సందులో కట్టమన్నాడు, కట్టాను. గొలుసు కొలత కూడా ఆయనదే. లారీ వెనక్కి వచ్చేటప్పుడు ఆ సందులోంచే వస్తుంది. రోజంతా కూలీలు జరుగు జరుగు అని అరుస్తూనే ఉంటారు. ఆ మాటే నేర్పితే అది ప్రతి అరుపుకీ లేవాలి. అందుకని దానికి వేరే మాట కావాల్సి వచ్చింది. నా నోటికి వచ్చింది ఆ మాటే. అది నేర్చుకోబట్టే ఇన్నేళ్ళు లారీ కింద పడకుండా బతికింది. నువ్వు రాసినంత రాక్షసుణ్ణి కాను. తిండి పెట్టింది నేనే, నీళ్ళు పెట్టింది నేనే.

విప్పి తిప్పమని చెప్పినవాడు లేడు, నాకూ తోచలేదు. అదే నిజం. రోజూ చూసేదాన్ని మనిషి చూడడు. చివరికి అది లేవలేకపోతే, వదిలించుకో అన్నాడు యజమాని. ఎలా వదిలించుకోమన్నాడో నీకు రాయలేను. నేను గేటుకి కట్టి వచ్చాను.

నీ శాపాలన్నీ నేనే చదివాను. ఈ మోకాళ్ళు చాపుకుని, ఒక్కో అక్షరం. నువ్వు కుట్టిన ఆ సీటులో అప్పటి నుంచీ కూర్చునే ఉన్నాను. ఇంకా చాలదా? కుక్క కోసం తోడబుట్టినవాణ్ణి వీధిలో నిలబెడతావా? తాళాలు అప్పగించాలి. నన్నెక్కడికి పొమ్మంటావు?

తమ్ముడు


మేడ మీది గది,
ఆదివారం

తమ్ముడూ,

కాళ్ళబేరానికి వచ్చావు. కాళ్ళ సంగతి కాబట్టి కాళ్ళతోనే తేలుద్దాం.

రా. క్షమించాననుకుని రాకు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అంటారు. ఇక్కడ కరిచింది కుక్క కాదు గనక దెబ్బ కూడా నేనే ఆలోచించి పెట్టాను.

బస్సుల బాడీలు కట్టే కంపెనీ వాళ్ళు సీట్ల పనికి నన్ను ఎప్పటి నుంచో పిలుస్తున్నారు. దొరని వదిలి రానన్నాను. ఇప్పుడు వెళుతున్నాను. నువ్వొచ్చేసరికి నేను ఉండను. నీ మొహం చూస్తే నాకు కోపం తగ్గుతుందేమోనని భయం, తగ్గడం నాకిష్టం లేదు. తాళం చెవి కింది వాటా ఆవిడ దగ్గర ఉంటుంది, నువ్వొచ్చేదాకా దొరని చూసుకునేదీ ఆవిడే.

దొరకి చేసేదంతా నువ్వే చేస్తావు. కాపడం నేల మీద కూర్చుని పెట్టాలి, అది మంచం ఎక్కలేదు. నీ మోకాళ్ళు ఒప్పుకోకపోతే ఒప్పించుకో. మెట్లు దిగేటప్పుడు జోలె నీ చేతిలో ఉంటుంది. లాగితే అది పడుతుంది, కాబట్టి దాని నడకే నీ నడక. అది ఆగితే నువ్వు ఆగాలి. ఎండలోనైనా, వానలోనైనా, జనం చూస్తున్నా సరే. ఒక్కపూట మాత్ర మరిచిపోయావని తెలిసిందా, నీ సామాను మెట్ల కింద ఉంటుంది.

అది నిన్ను చూసి మొరగాలని నా కోరిక. కరిస్తే మరీ మంచిది. పళ్ళు గట్టిగా ఉన్నాయి, డాక్టరమ్మ చూసింది.

ఆఖరి మాట. జగురు అన్నది మనింట్లో నవ్వుకునే మాట. దాన్ని తీసుకెళ్ళి ఆ సందులో కట్టేశావు. ఇప్పుడు నేను అమ్మని తలుచుకున్నా గోడకి ఆనుకుని వణికే కుక్కే కళ్ళ ముందుకొస్తోంది. నువ్వే నేర్పావు కాబట్టి నువ్వే మరపించు. ఆ మాట విని అది లేవని రోజున నాకు రాయి. అప్పటిదాకా నేను రాను, నువ్వు నాకు తమ్ముడివీ కావు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

అక్క


మేడ మీది గది,
వచ్చిన మర్నాడు

అక్కా,

వచ్చాను. తాళం చెవి ఇస్తూ కింది వాటా ఆవిడ, మీరేనా ఆ తమ్ముడు అంది. ఆ అన్న మాట మీద ఎంత బరువు వేసిందో నీకు చెప్పక్కర్లేదు. మెట్ల మీద ప్రతి వాటాకీ చెప్పి వెళ్ళినట్టున్నావు. రెండో అంతస్తు పెద్దాయన నన్ను చూసి తలుపు వేసుకున్నాడు.

దొర కరవలేదు. కరిచి ఉంటే బాగుండేది.

తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. అది చాప మీద పడుకుని ఉంది. ముక్కు కదిలింది. నన్ను గుర్తుపట్టింది. నేనేమీ అనలేదు అక్కా, నోరు కూడా తెరవలేదు. అది లేచింది. ముందు కాళ్ళు, ఆ తర్వాత చాలాసేపటికి వెనక కాళ్ళు. గోడ దగ్గరికి వెళ్ళి, డొక్క ఆనించి, మూతి అటు తిప్పుకుని నాకు దారి ఇచ్చింది. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. బయటే నిలబడ్డాను. నేను దాటితే తప్ప అది పడుకోదని నాకు తెలుసు. తొడలు వణుకుతున్నాయి. చివరికి అది ఇచ్చిన ఆ దారిలోంచే లోపలికొచ్చాను.

మోకాళ్ళ నొప్పి గురించి ఇంక రాయను.

తమ్ముడు


కంపెనీ వాళ్ళిచ్చిన గది,
గురువారం

తమ్ముడూ,

చదివాను. చేతిలో సూది వేలికి గుచ్చుకుంది, కొత్త సీటు మీద రక్తం మరకైంది. అదీ నీ ఖాతాలోనే.

అది కరుస్తుందని ఎన్ని కాపడాల సేపు ఊహించుకున్నానో నీకు తెలియదు. కరవడం కూడా రాకుండా చేశావు దానికి. నీ మీద కోపం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

ఏడవకు. ఏడిస్తే కండ పెరగదు. కూర్చోబెట్టు, లేపు.

అక్క


మేడ మీది గది,
చలి తగ్గింది

అక్కా,

చాలా రోజులు నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. చెప్పుకోదగ్గది జరిగితేనే రాద్దామని ఆగాను.

డాక్టరమ్మ మొదట్లో నాతో మాట్లాడేది కాదు. అన్నీ దొరకే చెప్పేది. దొరగారూ, మిమ్మల్ని తెచ్చినాయనకి చెప్పండి, గోళ్ళు పెరిగితే పాదం సరిగ్గా ఆనదు అనేది. నేను గోళ్ళు తీసేవాణ్ణి. మొన్న తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచి, కండ వచ్చింది అని నా మొహం చూసి చెప్పింది. నేను కుర్చీలోంచి బల్ల పట్టుకోకుండా లేవడం చూసి, మీక్కూడా అంది. పొద్దున పూట ఇద్దరం కలిసే కూర్చుంటాం, కలిసే లేస్తాం. దొర ముందు లేస్తుంది.

ఆ మాట మరపించడం ఎలాగో నాకు తెలియలేదు. తిండి చూపించాను. బుజ్జగించాను. మాట వినబడితే చాలు గోడకి పోయేది. దాన్ని మార్చలేకపోయాను కాబట్టి నేనే మారాను. మెల్లగా జగురు అనేవాణ్ణి, అంటూనే నేను వెళ్ళి ఎదుటి గోడకి డొక్క ఆనించి, మొహం అటు తిప్పుకుని నిలబడేవాణ్ణి. అటు గోడకి అది, ఇటు గోడకి నేను. మధ్యలో గదంతా ఖాళీ. ఎవరూ దాటేవాళ్ళు లేరు. ఒకసారి కింది వాటా ఆవిడ వచ్చి చూసి, మధ్యలోంచి నడిచి వెళ్ళి, వంటింట్లో ఉన్న తన గిన్నె తీసుకుని తిరిగి వెళ్ళిపోయింది. అలా నిలబడితే మోకాలు ఎలా మండుతుందో, గోడ చూస్తూ నిలబడితే వెనక ఏమవుతుందోనని ఒళ్ళెలా బిగుసుకుంటుందో నాకు తెలిసొచ్చింది. నువ్వు కుట్టిన సీటు కంటే ఇది గట్టిది. అది పడుకునేదాకా నేను కదిలేవాణ్ణి కాదు. కొన్నాళ్ళకి అది నాకంటే ముందే పడుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత లేచేది కానీ గోడ దాకా పోయేది కాదు, సగం దారిలో నిలబడి నన్ను చూసేది.

ఈరోజు వేడి నీళ్ళ తొట్టి రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. దొర గుమ్మానికి అడ్డంగా ఎండలో పడుకుంది. పరీక్ష పెడదామని కాదు, చేతులు కాలుతుంటే నోటికి వచ్చేసింది. జగురు అన్నాను, గట్టిగానే.

ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది, తొట్టిని చూసింది. గడ్డం చాప మీద ఆనించుకుని కన్ను మూసుకుంది.

లేవలేక కాదు అక్కా. అంతకు కాస్త ముందే దానంతట అది నీళ్ళ గిన్నె దాకా నడిచి వెళ్ళి వచ్చింది. లేవదలుచుకోలేదు, అంతే.

నేనే గోడకి ఒళ్ళు ఆనించి, తొట్టి పైకెత్తి, పక్కగా దాటుకుని వచ్చాను. సగం నీళ్ళు నా మీదే ఒలికాయి. మోకాలు గడపకి కొట్టుకుంది. అక్కడే కూర్చుని నవ్వాను. అది తోకతో నేల మీద ఒకసారి కొట్టి మళ్ళీ నిద్రపోయింది.

రాయమన్నావు, రాశాను. నీ పగ తీరిందో లేదో నువ్వొచ్చి చెప్పు. ఇప్పుడు కూడా గుమ్మంలోనే ఉంది. నువ్వొచ్చేసరికి అక్కడే పడుకుని ఉంటే దాన్ని లేపకు. నువ్వే జగురు.

తమ్ముడు